వేలంలో కొన్న రీలు ఎవరిది?



ఈసారి మీతో మాట్లాడబోయే విషయం కొంచెం వింతగా అనిపించొచ్చు. పాత సినిమా రీళ్లను ఆన్‌లైన్ వేలంలో కొనడం గురించి. ధమ్మానికీ దీనికీ సంబంధం ఏమిటని అడుగుతారని తెలుసు. అది చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మీలో నలభై దాటినవాళ్లకు ఒకటి గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు మాకు ఫిల్మ్ ముక్కల పిచ్చి. టూరింగ్ టాకీసులో రీలు తెగితే ఆపరేటరు అతికించేవాడు. ఆ అతుకులో కత్తిరించి పారేసిన ముక్కల కోసం మేం డేరా వెనక కాచుకుని కూర్చునేవాళ్లం. కాలిపోయిన బల్బు వెనక భాగం జాగ్రత్తగా పగలగొట్టి, లోపల నీళ్లు నింపి, ఫిల్మ్ ముక్కను దాని ముందు పెట్టి, అద్దంతో ఎండను దాని మీదికి మళ్లిస్తే చీకటింట్లో గోడ మీద బొమ్మ పడేది. తలకిందులుగా. రెండు గోళీలకు ఒక మామూలు ముక్క, ఐదు గోళీలకు ఫైటింగ్ ముక్క. నా దగ్గర పౌడరు డబ్బా నిండా ఉండేవి. మామూలుగా మా పేటవైపు తొంగిచూడని ఊరి పిల్లలు కూడా వాటి కోసం వచ్చేవాళ్లు. ఆ డబ్బా వల్ల నాకు వచ్చిన గౌరవం నాకింకా గుర్తే. ఆ గౌరవం తీపే నలభై ఏళ్లు దాటాక నన్ను మళ్లీ పట్టుకుంది అనుకుంటాను.

ఇప్పుడు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియనివాళ్లకు కొంచెం చెప్తాను. అమెరికాలో, ఇంగ్లండులో ఇది పాత సరదా. పాతికేళ్లకు పైగా ఈబే లాంటి వేలం సైట్లలో రీళ్లు అమ్ముతున్నారు. థియేటర్లలో ఆడిన 35 మిల్లీమీటర్ల ప్రింట్లు, బడుల్లో, ఇళ్లల్లో వేసుకున్న 16 మిల్లీమీటర్లవి, 8 మిల్లీమీటర్లవి, ట్రైలర్లు. అమ్మేవాడు డబ్బా ఫోటో, రెండు మూడు ఫ్రేముల ఫోటోలు పెడతాడు. వాసన ఎలా ఉందో రాస్తాడు, రాయకపోతే అడగాలి. 1950ల మొదటిదాకా 35 మిల్లీమీటర్ల సినిమాలు నైట్రేట్ ఫిల్మ్ మీద ఉండేవి, నిప్పంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. ఆ తర్వాత వచ్చిన అసిటేట్ అలా భగ్గున మండదు గానీ, పాతబడితే వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. ఒక డబ్బాలో ఆ రోగం మొదలైతే పక్క డబ్బాకూ అంటుకుంటుంది. ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు చాలావరకు గులాబీ రంగులోకి తిరిగిపోతాయి. టెక్నికలర్ పద్ధతిలో అచ్చువేసినవి మాత్రం వెలిసిపోవు, అందుకే వాటికి ఎగబడతారు.

వేలానికి ఒక ముగింపు సమయం ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు వారమంతా నోరు మెదపరు. చివరి పది సెకన్లలో తమ అసలు ధర కొడతారు. అప్పటిదాకా మనదే అనుకుంటున్న వస్తువు ఒక్క రెప్పపాటులో చేజారుతుంది. ఆ పది సెకన్లలో గుండె ఎలా కొట్టుకుంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నేను అనుభవించాను కాబట్టి చెప్తున్నాను.

మూడేళ్ల కిందట ఒక వేలం సైటులో ఒక రీలు కనపడింది. 16 మిల్లీమీటర్లు, 400 అడుగులు, బ్లాక్ అండ్ వైట్. కింద రాసింది ఇంతే: నాగపూర్, 1956, అంబేడ్కర్. మొదటి ధర 1,500. ఫోటోలో తెల్లబట్టల జనం, దుమ్ము, దూరంగా ఒక వేదికలాంటిది. వేదిక మీద ఎవరో తెలియదు. తెలియకపోవడమే నన్ను చంపింది. ఆయనే కావచ్చు కదా!

5,000 దాటనని ముందే ఒట్టు పెట్టుకున్నాను. అవతల ఇంకెవడో ఉన్నాడు. పేరు కనపడదు, చుక్కలు, ఒక అంకె, అంతే. నేను ఆరు వేలంటే వాడు ఏడంటాడు. నాకు కోపం వచ్చింది. వాడెవడో బొంబాయి సేటు, బాబాసాహెబ్ బొమ్మను షోకేసులో పెట్టుకోవడానికి కొంటున్నాడు, వాడి చేతికి పోనివ్వకూడదు అనుకున్నాను. చూడండి, తృష్ణ ఎంత తెలివైనదో. నాకు కావాలి అని అది చెప్పదు. మనవాళ్ల ఆస్తి కాపాడు అని చెప్తుంది. రాత్రి పదిన్నరకు 16,200 దగ్గర రీలు నాదయ్యింది.

ఆ డబ్బు మా అమ్మది. అమ్మది అంటే, అశోక విజయదశమికి నాగపూర్ తీసుకెళ్తానని అమ్మ కోసం, మా పేటలోని మరో పెద్దావిడ కోసం నేను దాచింది. అమ్మ దీక్షాభూమి చూడాలని ఎన్నేళ్లుగానో అడుగుతోంది. రీలు వచ్చిన రోజు అమ్మకు చెప్పాను, ఇందులో ఆనాటి నాగపూరే ఉందమ్మా అని. అమ్మ డబ్బా మూత తీసి, వాసనకు ముఖం పక్కకు తిప్పుకుని, "అక్కడికి తీసుకెళ్లమన్నాను గానీ అక్కడి బొమ్మ కొనుక్కురమ్మన్నానా?" అంది. ఇంకేమీ అనలేదు.

నిజానికి బాబాసాహెబ్‌ను చూడాలంటే, ఆయన గొంతు వినాలంటే బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూలు ఫోనులోనే ఉచితంగా దొరుకుతాయి. అవి నేను ఎన్నిసార్లు చూశానో. మరి ఈ రీలు ఎందుకు? చూడ్డానికి కాదు. నా దగ్గర ఉందనడానికి. రెంటికీ తేడా చాలా పెద్దది. చూడాలనే కోరిక చూస్తే తీరిపోతుంది. ఉండాలనే కోరిక మాత్రం వస్తువు వచ్చాక కూడా తీరదు, ఇంకో డబ్బా కోసం వెతుకుతుంది. ఆ తర్వాత రెండు నెలలు నేను రోజూ పడుకునే ముందు ఆ సైటు తెరిచి చూశాను. పౌడరు డబ్బా నిండింది చాలు అని నాకు ఎప్పుడూ అనిపించలేదు మరి.

ఇక్కడితో ఆపి, కాబట్టి సేకరణ తృష్ణ, తృష్ణ దుఃఖ కారణం, మానేయండి అని రాస్తే నాకు సులువే. చాలామంది అలాగే రాస్తారు. కానీ అది నిజం కాదు. ఈ పిచ్చివాళ్లు లేకపోతే మనకు ఏం మిగిలేదో కూడా చూడాలి.

అమెరికాలో 1912 నుంచి 1929 దాకా దాదాపు 11,000 పెద్ద మూకీ సినిమాలు తీశారు. అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి 14 మాత్రమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. మన దగ్గర పరిస్థితి అంతకన్నా అన్యాయం. తొలి భారతీయ టాకీ ఆలం ఆరా లేదు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద లేదు. రఘుపతి వెంకయ్య వాళ్లు 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ లేదు. పాత ఫిల్ములో వెండి ఉంటుంది. ఆట ముగిసిన సినిమాను కడిగి వెండి తీసుకుని మిగతాది పారేశారు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవు పుణేలో 1964లో గానీ పుట్టలేదు. అప్పటికే బండి వెళ్లిపోయింది.

పోయినవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. మలయాళంలో తొలి సినిమా విగతకుమారన్. 1928 అని కొందరు, 1930 అని కొందరు అంటారు. అందులో కథానాయిక పి.కె. రోజీ, దళిత స్త్రీ. తెర మీద నాయర్ స్త్రీగా కనపడింది. అది చూసి తిరువనంతపురంలో అగ్రకులస్థులు తెర మీద రాళ్లు రువ్వారు. ఆమె ఊరే వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆ సినిమా ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమె కదలడం, నవ్వడం, తల తిప్పడం ఎవరూ చూడలేరు. ఎక్కడో ఎవడో ఒక్క పిచ్చివాడు పది అడుగుల ముక్క దాచుకుని ఉంటే! వాడు ఎంత లోభి అయినా సరే, వాడికి నేను దండం పెడతాను.

అమెరికాలోని నల్లజాతివాళ్లకు ఆ అదృష్టం కొంచెం దక్కింది. 1898లో షికాగోలో విలియం సెలిగ్ అనే ఆయన అర నిమిషం కూడా లేని ఒక చిన్న సినిమా తీశాడు. ఇద్దరు నల్లజాతి నటులు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, చేతులు పట్టుకుని ఊగుతూ, నవ్వుతూ ముద్దు పెట్టుకుంటారు. అంతే సినిమా. కానీ ఆ కాలంలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను కోతుల్లా చూపించేవాళ్లు. అలాంటి రోజుల్లో వాళ్ల ప్రేమను వెక్కిరింపు లేకుండా చూపించిన సినిమా ఇది. నూట ఇరవై ఏళ్లు దీని ఆచూకీ లేదు. లూసియానాలోని ఒక సేకర్త దగ్గరి నుంచి వచ్చిన నైట్రేట్ ముక్కల్లో ఒక విశ్వవిద్యాలయం ఆర్కైవిస్టుకు కనపడింది. 2018లో దాన్ని అమెరికా జాతీయ చిత్రాల పట్టికలో చేర్చారు. ఆస్కార్ మిషో 1920లో తీసిన వితిన్ అవర్ గేట్స్ కథ కూడా ఇలాంటిదే. నల్లజాతివాళ్లను చెట్లకు ఉరితీసే మూకల గురించి ఒక నల్లజాతి దర్శకుడు తీసిన సినిమా. అమెరికాలో ఒక్క కాపీ మిగల్లేదు. స్పెయిన్ ఆర్కైవులో, స్పానిష్ పేరుతో, స్పానిష్ అక్షరాలతో దొరికింది.

ఎవరి ముఖాలు దాచదగ్గవి అనేది ఎవరో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయించే బల్ల దగ్గర మనం లేము, వాళ్లూ లేరు. అధికారంలో ఉన్నవాళ్లు చెత్త అనుకున్నదాన్ని ఎవడో సొంత పిచ్చితో ఎత్తుకుపోయి మంచం కింద దాచాడు. చరిత్రలో మనలాంటివాళ్ల వంతు చాలాసార్లు మంచం కిందే మిగిలింది.

ఆ దాచడం కూడా ఎప్పుడూ శీలం ప్రకారం జరగలేదు. ఈ మాట మనలో చాలామందికి మింగుడుపడదు. థియేటరుకు వచ్చే ప్రింటు అద్దె వస్తువుగా ఉండేది. ఆట అయ్యాక కంపెనీకి తిరిగివ్వాల్సి ఉండేది, వాళ్లు దాన్ని ధ్వంసం చేసేవాళ్లు. సేకర్తల దగ్గరున్న ప్రింట్లలో చాలా భాగం అలా తిరిగివ్వకుండా మిగిలినవో, ధ్వంసం చేయమని పంపితే దారిలో తప్పిపోయినవో. 1974 డిసెంబరులో ఎఫ్‌బీఐ వాళ్లు హాలీవుడ్ నటుడు రాడీ మెక్‌డవల్ ఇంటి మీద పడి ఆయన రీళ్లు, టేపులు పట్టుకుపోయారు. కేసు పెట్టలేదు గానీ, ఎవరెవరి దగ్గర కొన్నాడో చెప్పించారు. అప్పట్లో సేకర్తలంతా దొంగల్లా భయపడుతూ బతికారు. ఇప్పుడు అవే స్టూడియోలు, తమ దగ్గర పోయిన సినిమా భాగాల కోసం అదే సేకర్తల తలుపు తడుతున్నాయి.

మనం రోజూ చెప్పుకునే రెండో శీలం అదిన్నాదానం గురించి, ఇవ్వనిది తీసుకోకుండా ఉండటం గురించి. మరి చంపేయమని పంపిన రీలును చంపకుండా దాచినవాడు ఇవ్వనిది తీసుకున్నట్టా? నాకు తోచింది చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా సరే. చెత్తబుట్టలో వేసినదాన్ని ఎత్తుకున్నవాడు దొంగ కాదు. పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవాడికి అది తనదని అడిగే నోరు లేదు. కానీ ఎత్తుకున్నవాడికి ఇంకో పరీక్ష ఉంది. ఆ ముక్కలో ఉన్న మనుషులు, వాళ్ల పిల్లలు, వాళ్ల జాతి వచ్చి ఒకసారి చూపించవయ్యా అని అడిగినప్పుడు తాళం తీయనంటే, అప్పుడు అతను ఇవ్వనిదాన్ని తీసుకున్నవాడే అవుతాడు. కొన్నది డబ్బాను. లోపల ఉన్న ముఖాలను అతనికి ఎవరూ అమ్మలేదు.

డబ్బా అంటే గుర్తొచ్చింది. 2009లో ఇంగ్లండులో ఒకతను ఈబేలో ఒక పాత ఫిల్మ్ డబ్బా 3 పౌండ్ల 20 పెన్నీలకు కొన్నాడు. డబ్బా అందంగా ఉందని మాత్రమే కొన్నాడు. మూత తీస్తే లోపల ఏడు నిమిషాల నైట్రేట్ రీలు. చార్లీ చాప్లిన్ ఇన్ జెప్డ్, 1916 నాటిది. ప్రపంచమంతా వార్త. రెండేళ్లకు లండన్‌లో వేలానికి పెడితే ధర ఆరంకెలకు చేరుతుందన్నారు. తీరా ఎవరూ అంత పెట్టి కొనలేదు. 3 పౌండ్లూ నిజమే, ఆరంకెలూ నిజమే. వస్తువు అదే. మారింది దాని చుట్టూ ఉన్న మనుషుల మనసు.

వేలం మన బుద్ధుడినీ వదల్లేదు. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో 1898లో ఒక ఇంగ్లీషు జమీందారు తవ్వితే ధాతువులూ, వాటితో పాటు పెట్టిన రత్నాలూ దొరికాయి. ఆ రత్నాల్లో కొన్ని అతని కుటుంబం దగ్గరే ఉండిపోయాయి. 2025 మే నెలలో హాంకాంగ్‌లో వాటిని వేలానికి పెట్టారు. భారత ప్రభుత్వం నోటీసు ఇస్తే ఆగింది. జూలైలో ఇక్కడి పారిశ్రామిక సంస్థ ఒకటి కొంటే తిరిగొచ్చాయి. మనలో చాలామంది అప్పుడు కోపంతో పోస్టులు పెట్టారు, నేనూ పెట్టాను. పెడుతూనే నా బీరువా పైనున్న డబ్బా వైపు చూశాను.

ఈ గొడవ కొత్తదేం కాదు. మహాపరినిబ్బానం తర్వాత ధాతువుల కోసం రాజులు సైన్యాలతో కుశీనారకు వచ్చారు. క్షమను బోధించినవాడి ఎముకల కోసం కత్తులు దూసే పరిస్థితి. ద్రోణుడు అనే బ్రాహ్మణుడు మధ్యలో పడి ఎనిమిది వాటాలు చేశాడు. కొలిచిన పాత్రను మాత్రం తనకిమ్మని అడిగి తీసుకున్నాడు. ఈ చివరి సంగతి చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. మధ్యవర్తికి కూడా ఏదో ఒకటి చేతిలో ఉండాలి! కానీ ఎనిమిది చోట్ల కట్టిన స్తూపాలు బీరువాలు కావు. ఎవరైనా నడిచి వెళ్లి చుట్టూ తిరిగి రావచ్చు.

భిక్కుకు ఎనిమిది వస్తువులు చాలు: మూడు చీవరాలు, పాత్ర, క్షురకత్తి, సూది, నడికట్టు, నీళ్ల వడకట్టు. మనం భిక్కులం కాదు, గృహస్థులం. అనాథపిండికుడు కోటీశ్వరుడే, బుద్ధుడు అతన్ని సంపద వదిలేయమనలేదు. బాబాసాహెబ్ కూడా మహా సేకర్త. న్యూయార్క్‌లో తిండి తగ్గించుకుని పాత పుస్తకాలు కొన్నారు. 1917లో తిరిగొస్తున్నప్పుడు ఆయన సామాను ఎక్కించిన ఓడను టార్పెడో వేసి ముంచేశారు, పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. అయినా మళ్లీ కొన్నారు. దాదర్‌లో రాజగృహ కట్టిందే పుస్తకాల కోసం. అప్పులు తెచ్చి మరీ కొన్నారు. దాన్ని తృష్ణ అంటామా? ఆ పుస్తకాల నుంచి ఏం బయటికి వచ్చిందో మనకు తెలుసు. వాటిలో చాలా భాగం ఆయన స్థాపించిన సిద్ధార్థ కాలేజీకి వెళ్లింది. మన పిల్లలు చదివారు.

సరే, నా రీలు సంగతి. ప్రొజెక్టరులో వేస్తే పళ్లు పట్టి చిరిగిపోయేంత ముడుచుకుని ఉంది. మిత్రుడైన ఒక ఫోటోగ్రాఫర్ లైటు పెట్టె మీద పరిచి భూతద్దంతో చూశాడు. అంచు మీద ఇందు అని ఉంది. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల గుర్తు అది. ఆ ఫ్యాక్టరీని స్థాపించిందే 1960లో. కాబట్టి ఇది 1956లో అచ్చువేసిన ప్రింటు అయ్యే వీల్లేదు. పాత నెగెటివ్ నుంచి తర్వాత తీసిన కాపీ అయినా కావచ్చు కదా అని నేను ఇంకా వాదించాను, చూడండి నా ఆశ. వేదిక ఉన్న ఫ్రేములు పెద్దవి చేసి చూశాం. బాబాసాహెబ్ లేరు. ఎవరో నాయకుడు, వెనక ఎన్నికల గుర్తు ఉన్న గుడ్డ.

ఈ కథంతా ఒక ధమ్మ తరగతిలో నవ్వుతూ చెప్పాను. వెనక వరసలో పక్క జిల్లా అన్న ఒకాయన లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. "తమ్ముడూ, ఆ రాత్రి 15,900 కొట్టింది నేనే. నువ్వెవడో సేటువనుకున్నా" అన్నాడు. హాలంతా నవ్వింది. మేమిద్దరం నవ్వలేకపోయాం. 1,500 రూపాయల రీలు ధరను మేమే పదింతలు చేశాం, ఇద్దరం ఒకే జెండా కింద కూర్చునేవాళ్లం. ఎదురుగా ఉన్నవాడి ముఖం కనపడితే ఇద్దరిలో ఎవరూ ఆ పని చేసేవాళ్లం కాదు. వేలం సైటు చేసేది అదే, ఎదుటివాడి ముఖం తీసేసి అంకె పెడుతుంది.

తర్వాత ఆ అన్న మా ఇంటికొచ్చాడు. 400 అడుగుల 16 మిల్లీమీటర్ల ఫిల్ములో 16,000 ఫ్రేములుంటాయి. నేను పెట్టిన డబ్బుకు ఫ్రేముకు రూపాయి లెక్క. ముగ్గురం కలిసి రెండు ఆదివారాలు కూర్చుని కాస్త బాగున్న మూడు వందల ఫ్రేములను కెమెరాతో ఫోటోలు తీసి కంప్యూటర్లో పెట్టాం. ఎవరైనా అడిగితే ఇస్తున్నాం, ఇప్పటికి నలుగురు అడిగారు. వెనిగర్ వాసన వల్ల డబ్బాను విడిగా, గాలి తగిలే చోట పెట్టాం. ఆర్కైవుకు రాశాం, జవాబు కోసం చూస్తున్నాం.

అమ్మను మరుసటి ఏడు నాగపూర్ తీసుకెళ్లాను, ఆ అన్న కూడా వచ్చాడు. పెద్దావిడ రాలేదు. ఆ మధ్యలో ఆమెకు మోకాళ్లు పడిపోయాయి, ఇప్పుడు గడప దాటలేదు. అది నేను తిరిగి తెచ్చివ్వలేనిది. వచ్చాక ఒకరోజు ఆమె ఇంట్లో, గోడ మీద దుప్పటి కట్టి, ఆ మూడు వందల ఫోటోలు వేసి చూపించాం. నాయకుడిని ఆమె పట్టించుకోలేదు. ఒక ఫ్రేములో జనం అంచున చంకలో బిడ్డతో ఒకామె, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సూటిగా కెమెరా వైపు చూస్తోంది. పెద్దావిడ అక్కడ ఆపమంది. చాలాసేపు చూసింది. "ఈ పిల్ల ఎవరిదో, ఏ ఊరోళ్లో కనుక్కోండి రా" అంది. అన్న తన పుస్తకంలో ఆ ఫ్రేము నంబరు రాసుకున్నాడు.